పులిబండ వాళ్ళ కుండ

14 జూన్ 1998, మదనపల్లె

నాయన ఈరోజు అన్నం తినలేదు. నేను తిన్నాను. చారు రెండోసారి పోసుకొని మరీ తిన్నాను. ఈ ఇంట్లో ఇద్దరూ పస్తులుంటే ఏ మాటా ముందుకు సాగదు.

పొద్దున శివకుమార్ సంగతి చెప్పేశాను. అమ్మ కులం అడిగింది. మనదే అన్నాను. ఉద్యోగం అడిగింది. పట్టుపరిశ్రమ శాఖ, ఇక్కడి పట్టుగూళ్ళ మార్కెట్లోనే అన్నాను. అమ్మ ముఖం విప్పారింది. కొంగు సర్దుకొని అప్పుడే అత్తగారి హోదాలో కూర్చుంది. అప్పుడు నాయన పేపరు మడిచి ఇంటిపేరు అడిగాడు.

"పులిబండ," అన్నాను.

"అది మనది గదే?" అంది అమ్మ.

"ఊరు?" అన్నాడు నాయన. కుప్పం దగ్గర చిన్నబండపల్లె అని చెప్పాను. నాయన మడిచిన పేపరునే ఇంకోసారి మడిచి, "ఆ పిల్లోడు నీకి అన్న అయితాడమ్మా. ఒకే ఇంటిపేరోళ్ళు దాయాదులు. ఇంగ ఈ మాట ఎత్తొద్దు," అని లేచి మల్లెచెట్టుకు నీళ్ళు పోయడానికి పోయాడు. నిన్ననే వాన పడింది.

తప్పు మా జిల్లాది. ఇక్కడ ఇంటిపేరు పూర్తిగా రాసే మనిషి ఎవరున్నారు? పి. యమున, పి. శివకుమార్. ఆయన పి అంటే పలమనేరేమో అనుకున్నాను. నా పి పుంగనూరనుకున్నాడట ఆయన. నిజం తెలిసేసరికి ఏడాది దాటింది, అప్పటికి మేమిద్దరం వెనక్కి పోలేని చోటికి వచ్చేశాం. తెలిసిన రోజు బస్టాండులో కూర్చొని ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వడం ఆపి ఎవరి బస్సు వాళ్ళు ఎక్కాం.

ఈ ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో, ఎంతమందికుందో కనుక్కుంటాను. పెళ్ళి కోసం కాదు. సోషల్ టీచర్ని, తెలుసుకోవడం నా పని.

15 జూన్

నాయన తిన్నాడు. మాట్లాడలేదు.

28 జూన్

పోస్టాఫీసులో టెలిఫోన్ డైరెక్టరీ అడిగి తిరగేశాను. జిల్లా అంతా పి. పి. పి. ఒక్కడు కూడా పులిబండ అని రాసుకోలేదు. ఫోను పెట్టించుకునే స్తోమతున్న వాళ్ళకు ఇంకో నాలుగక్షరాలు బరువయ్యాయి కాబోలు.

మా ఇంట్లో చెప్పే కథ: మా పూర్వీకుడొకాయన బండమీద పడుకొని ఉంటే పులి వచ్చింది, రోకలితో కొట్టి చంపాడు. శివకుమార్ వాళ్ళింట్లో పులిని చంపలేదు. పులి వచ్చి ఆయన పక్కనే పడుకొని తెల్లారి లేచి వెళ్ళిపోయిందట. ఈరోజు కురబలకోటకు పోయాను. గొర్రెలు సాకే పులిబండ వాళ్ళున్నారని మా స్కూలు ఆయా చెప్పింది. ఆ ఇంటి ముసలామె గొర్రెపిల్లకు కుడితి తాపుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"పులా? పులి యాడుండాదమ్మా? బండ మింద పులికున్నట్ల సారలుంటే పులిబండ అన్న్యారు. మా యబ్బ జెప్పినాడు. పులిని సూసినోడెవుడూ ఆడ కాపరముండడు గదా."

ఇంతవరకు విన్న కథల్లో నాకు నచ్చింది ఇదే. నాయనకు చెప్పాను. రోకలి పోయినందుకు కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు.

19 జూలై

పుంగనూరు. బస్టాండు వెనక సందులో "పులిబండ హెయిర్ స్టైల్స్" అని బోర్డు. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇన్నాళ్ళూ అక్షరాలు దాచుకున్న జిల్లాలో ఒక్క మగాడు పూర్తిపేరు రాయించాడు.

ఆయన పేరు మునిస్వామి. ఆడమనిషి సెలూన్లోకి వచ్చేసరికి కత్తెర పట్టుకొని నిలబడిపోయాడు. ఆయన కథలో పులులు రెండు. ఆ రెండింటినీ వాళ్ళ ముత్తాత గడ్డం గీసే కత్తితోనే పంపించేశాడట. నేను నవ్వితే కుర్చీలో సబ్బు నురగతో కూర్చున్నాయన కూడా నవ్వాడు.

"మీకూ మాకూ ఒకే ఇంటిపేరెట్లా వచ్చింది?" అని అడిగాను.

"ఊరి పేరు గదమ్మా అది. సదుం పక్కన పులిబండని పల్లె ఉండ్న్యాది. బావులెండి ఊరే ఎత్తిపొయ్యినాది. ఆడినుంచి వొచ్చినోడల్లా పులిబండోడే. మావోళ్ళు ఉండారు, కుమ్మరోళ్ళు ఉండారు, మీయట్ల సేద్యగాళ్ళు ఉండారు. పేరొకటే, ఇండ్లు యేరే."

"మా కులంలోనే రెండిళ్ళుంటే? అవి ఒకటా, వేరా అని ఎట్లా తెలుస్తుంది?"

"సావు కాడ సూడు, దేవర కాడ సూడు. సావు కాడ ఎవురు గుండు కొట్టించుకుంటారో వాళ్ళు దాయాదులు. ఇంటిదేవుడికి దేవర ఎత్తి పండగ జేసేటప్పుడు ఒక ఇంటోళ్ళంతా ఒకే కుండలో పిడికెడు పిడికెడు బియ్యం పోస్తారు. సుట్టాలు పొయ్యకూడదు. సుట్టాలు ముందు బంతిలో కూసోని తింటారు, ఇంటోళ్ళు వడ్డించి కడాకు తింటారు. అంతే."

ఇంటికొచ్చి నాయన ముందు కూర్చొని ఊరి కథంతా చెప్పాను. బడి ఇన్‌స్పెక్టరు ముందు పాఠం చెప్పినంత శుభ్రంగా చెప్పాను. నాయన మొత్తం విన్నాడు.

"ఊరి పేరయితే కానీలే. మిగతా పులిబండోళ్ళు ఎవురైనా కానీ. చిన్నబండపల్లె వాళ్ళు మాత్రం మనోళ్ళు."

"ఎట్లా తెలుసు నాయనా?"

"తెలుసు."

ముప్పై ఏళ్ళు కరెంటాఫీసులో పనిచేసిన మనిషి. స్తంభం మీద తీగ తెగితే ఎక్కడ తెగిందో గంటసేపు వివరంగా చెప్పగలడు. దీనికి మాత్రం "తెలుసు" అట.

20 సెప్టెంబర్, పెద్దల అమావాస్య

ఎప్పటిలాగే నాయన మూడు ఆకులు వేశాడు. ఒకటి వాళ్ళ నాయనకు అంటే మా అబ్బకు, ఒకటి అవ్వకు, ఒకటి తన చిన్నాయనకు. చిన్నాయన ఆకులో మాత్రం ఎద్దుల సంతలో అమ్మే బెల్లం మిఠాయి పెడతాడు. చిన్నప్పటినుంచి చూస్తున్నాను, ఎప్పుడూ అడగలేదు. అబ్బకు తోడబుట్టిన వాళ్ళు లేరని చెప్పింది నాయనే. మరి ఈ చిన్నాయన ఎవరు?

ఇంకోటి గుర్తొచ్చింది. నేను ఆరో తరగతిలో ఉండగా నాయన రెండు వారాలు ఊళ్ళో లేడు. గుండుతో తిరిగొచ్చాడు. తిరుపతి పోయానన్నాడు. లడ్డూ తేలేదు. నేను ఏడ్చి రభస చేశాను. కాసేపాగి బయటికి పోయి మదనపల్లె బజారు లడ్డూ కొనుక్కొచ్చాడు. అది తిరుపతిది కాదని నాకు అప్పుడే తెలుసు.

దీనికీ నా విషయానికీ సంబంధం లేదు.

21 సెప్టెంబర్

సంబంధం లేదు.

3 అక్టోబర్

దసరా సెలవులు. చిన్నబండపల్లె పోయి వచ్చాను.

కుప్పం బస్టాండులో శివకుమార్ కలిశాడు. వాళ్ళ నాన్న కూడా ఇంటిపేరు విని ససేమిరా అంటున్నాడట. "మా యవ్వని అడుగుదాం. పాతయ్యన్నీ ఆమెకే తెలుసు," అన్నాడు. వాళ్ళవ్వ అక్కమ్మ వసారాలో కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. నేను నాయన పేరు గంగప్ప అని చెప్పగానే చేతిలో చింతపండు కింద పెట్టి నన్ను దగ్గరికి లాక్కొని ముఖమంతా తడిమింది.

"మా గంగప్ప బిడ్డవా! యాల జెప్పలేదురా?" అని మనవణ్ణి తిట్టింది. ఏం చెప్పాలో వాడికేం తెలుసు పాపం.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను. మర్చిపోయానని తర్వాత నాకు నేనే సాకు చెప్పుకోకుండా.

"మా ఇంటాయన మల్లప్ప పుంగనూరు ఎద్దుల సంతకి పోయుండ్న్యాడు. ఆడ పక్కపల్లెలో ఒక ఆడమనిషి అమ్మవారు పోసి సచ్చిపోయినాది. మొగుడు ముందే పొయ్యినాడు. చిన్నపిల్లోడు ఒకడే పీనుగ కాడ కూసోనుండాడు. మీ నాయన. అంటుకుంటాదని అందరికీ బయ్యం. దాయాదులు రావల్ల, మేము ముట్టకూడదు అంటా ఊరోళ్ళంతా దూరంగా నిలబడుండారు. ఇంటిపేరేమి అని ఈయప్ప అడిగినాడు. పులిబండ అన్న్యారు. నేనూ పులిబండోన్నే, ఆయమ్మ నాకు వదినె, జరగండి అన్న్యాడు."

"నిజంగా దాయాదులేనా అవ్వా?"

అక్కమ్మ నవ్వింది. "యాడ దాయాది? మావోళ్ళు ఈ పక్కకొచ్చి ఎన్ని తరాలాయనో ఎవురికి తెలుసు. ఆ పల్లె పేరే ఈయప్ప ఇని ఉండ్లేదు. పీనుగ లెయ్యాల గదా పాపా. ఎత్తినాడు. గుండు కొట్టించుకున్న్యాడు. కర్మాంతరమయ్యేదాకా పిల్లోని కాడనే ఉండి, వాన్ని మదనపల్లె హాస్టల్లో చేర్పిచ్చి ఇంటికొచ్చినాడు. వొచ్చి, మే, పుంగనూరులో ఒక అబద్దం జెప్పొచ్చినా, నువ్వు గూడా తలకి పోసుకో అన్న్యాడు. నేను పోసుకుంటి."

మల్లప్ప చనిపోయినప్పుడు నాయన వచ్చి కొడుకులతో పాటు గుండు కొట్టించుకున్నాడట. అదీ తిరుపతి.

"ఇంగోటి. మా దేవర ఎత్తేటప్పుడు పిలుస్తా, నీ పిడికెడు బియ్యమూ మా కుండలో పోద్దువు రా అని పిల్లోడికి మాటిచ్చొచ్చినాడు. వానల్లేవు, కొట్లాటలు, దేవర ఎత్తనేలేదు. మాట అట్లనే ఉండిపాయ."

శివకుమార్ ముఖం వెలిగిపోతోంది. దాయాదులు కాదని తేలింది కదా, గెలిచాం కదా. తిరుగుబస్సు బైరెడ్డిపల్లె దాటేదాకా నేను కూడా గెలిచాననే అనుకున్నాను. అప్పుడు నాయన వేసే మూడో ఆకు గుర్తొచ్చింది.

5 అక్టోబర్

నాయనకు చెప్పలేదు.

6 అక్టోబర్

చెప్పలేదు. క్వార్టర్లీ పేపర్లు దిద్దాలి.

11 అక్టోబర్

చెప్పాను. అమ్మ వంటింట్లోనుంచి వింటోంది, గరిటె చప్పుడు ఆగిపోయింది.

"మల్లప్ప తాత చెప్పింది అబద్ధమంట నాయనా. అవ్వే చెప్పింది."

"అది నాకి తెలీదా? కాష్టం కాన్నుంచి వొచ్చేటప్పుడు దావలోనే జెప్పినాడు నాకి. అబ్బోడా, మనం ఒకరికొకరు ఏమీ కాము, ఈ పొద్దుటినుంచి అయినాము అన్న్యాడు."

"తెలిసి తెలిసి అన్న అవుతాడని నాకెందుకు చెప్పావు?"

"అయితాడు గనకనే. ఊర్నిండా మనుషులుండి నాకి ఎవురూ లేకపాయ. ఆయప్ప లేని సుట్టరికాన్ని నెత్తినేసుకొని వొచ్చినాడు. ఇప్పుడు ఆయప్ప మనమడికి నిన్నిస్తే, ఆయప్ప నాకేమీ కాడని నేనే నలుగురికీ జెప్పినట్ల. మా యమ్మని దావన పొయ్యేటోడెవుడో ఎత్తినట్ల. నీకి అది అబద్దం. నాకి కాదు."

నేను లేచి వచ్చేశాను. ఇన్ని నెలలు ఊళ్ళు తిరిగి నేను కూడబెట్టిన సాక్ష్యమంతా ఆయన మాట ముందు ఎందుకూ కొరగాలేదు. నాకు నాయన మీద కోపం. మల్లప్ప మీద కోపం. ఇంకేదైనా ఇంటిపేరు చెప్పకూడదా ఆ పల్లెవాళ్ళు!

12 అక్టోబర్

కోపం మల్లప్ప మీద లేదు. కొట్టేస్తున్నాను ఆ మాట.

17 జనవరి 1999

శివకుమార్ రిజిస్ట్రాఫీసు అంటున్నాడు. ఇద్దరం మేజర్లం, ఎవరూ ఆపలేరు. నిజమే.

"ఆపేవాళ్ళు లేరని చేసుకోను. ఆయన తల గొరిగించుకొని నిలబెట్టుకున్న సంబంధం అది. నేను సంతకం పెట్టి తెంచను," అన్నాను.

"అయితే ఏం జేద్దాం?"

"నిన్నే చేసుకుంటాను. నాయన ఎదురుగానే చేసుకుంటాను. ఎట్లాగో తెలీదు."

"నీ మొండితనానికి పులి గూడా పక్కకి జరిగి పడుకోనుంటాది," అన్నాడు. పోట్లాడుకుంటూనే నవ్వాం.

ఆ మొదటి పేజీలో పెళ్ళి కోసం కాదని రాసుకున్నాను. పెళ్ళి కోసమే. మొదటినుంచీ పెళ్ళి కోసమే.

24 ఫిబ్రవరి

చిన్నబండపల్లె నుంచి మనిషి వచ్చాడు. ఇన్నేళ్ళకు దేవర ఎత్తుతున్నారట. అక్కమ్మే పట్టుబట్టిందట, కళ్ళు మూసేలోపు ఎత్తాల్సిందేనని. గంగప్ప కుటుంబమంతా రావాలి.

నాయన సంతోషం చూడాలి. చిన్నపిల్లవాడిలాగా ఇల్లంతా తిరిగాడు. బజారుకు పోయి కొత్త తుండు తెచ్చుకున్నాడు. అమ్మ చేటలో బియ్యం పోస్తే వద్దని తనే కూర్చొని రాళ్ళు ఏరాడు. ఒక్క పిడికెడు బియ్యానికి పొద్దంతా.

ఆ పిడికెడు కుండలో పడితే ఊరందరి ఎదుట మేం ఒకే ఇల్లు. తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. నాయనకది తెలుసు. నాకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తడం లేదు.

6 మార్చి

రేపు దేవర. నేను నోరు విప్పను. ఏడవను, బతిమాలను. ఆయన ఏం చేస్తాడో ఆయనే చేయాలి.

8 మార్చి

నిన్నటిది రాస్తున్నాను.

ఊరి బయట మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద మట్టికుండ. పసుపు రాసి వేపాకు కట్టారు. ఎసరు కాగుతోంది. మల్లప్ప కొడుకులు, మనవలు, దాయాదులు వరసగా వచ్చి పిడికెడు పిడికెడు బియ్యం పోసి దండం పెట్టి పోతున్నారు. శివకుమార్ కూడా పోశాడు. పోసి నా వైపు చూడలేదు. అవతల చింతచెట్ల కింద చుట్టాలకు ఆకులు వేస్తున్నారు.

చివర మిగిలింది నాయన.

తుండు ముడి విప్పి కుండ ముందు నిలబడ్డాడు. పక్కన మంచం మీద అక్కమ్మ. అందరూ చూస్తున్నారు. అందరికీ మా సంగతి తెలుసు, పల్లెలో తెలియకపోవడం అంటూ ఉండదు.

"గంగప్పా," అంది అక్కమ్మ. "మీ చిన్నాయన ఇచ్చిన మాట ఉండాది. పొయ్యి, ఎవురూ వొద్దనరు. పోస్తే నా కొడుకువి. పొయ్యకుంటే నాకు వియ్యంకుడివి. ఎట్లయినా మావోడివే. పీనుగ లేసేదానికి ఆయప్ప ఆ మాట జెప్పినాడు, బిడ్డ పెండ్లి ఆపేదానికి కాదు."

నాయన పిడికిలి కుండమీదికి పోయింది. అక్కడే ఆగింది. ఆవిరి తగులుతున్నా చేయి తీయలేదు. అప్పుడు ఆయన ముఖం చూశాను. తల్లి పక్కన ఎవరూ రాక కూర్చున్న పిల్లవాడి ముఖం. ఇన్ని నెలల నా పట్టుదల ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

"పొయ్యి నాయనా," అన్నాను. "నీ బియ్యం. పొయ్యి."

మనస్ఫూర్తిగానే అన్నాను. అనగానే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది, అది కూడా నిజమే. శివకుమార్ తల దించుకున్నాడు.

నాయన నా వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు, పొగవల్ల కొంత.

"ఇన్నాళ్ళు మొండికేసి ఈ పొద్దు యాల తగ్గినావు?"

నేను కుండవైపే చేయి చూపించాను.

"ఆ పొద్దు ఆయప్పకి నేనెవురో తెలీదు. అయినా నాకేం గావల్లో సూసినాడు," అన్నాడు నాయన, అక్కమ్మతోనో, కుండతోనో. "నాకు నా బిడ్డ తెలుసు."

పిడికిలి వెనక్కి తీశాడు. బియ్యం తుండులో పోసి, ఒక్క గింజ కింద పడితే వంగి ఏరి, ముడి వేశాడు. కుండకు దండం పెట్టాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా చింతచెట్ల కిందికి నడిచి, చుట్టాల బంతిలో ఒక ఆకు ముందు కూర్చున్నాడు. అమ్మ పోయి పక్కన కూర్చుంది.

అక్కమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"ఏం సూస్తాండారు? వియ్యంకుడు కూసోనుండాడు, వడ్డించండి!"

మల్లప్ప పెద్దకొడుకు, ఇంటిపేరు విని ససేమిరా అన్న ఆ శివకుమార్ నాన్నే, అన్నం గంప ఎత్తుకొని పరిగెత్తాడు.

భోజనాలయ్యాక నాయన తుండు మూట అక్కమ్మకు ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. "నీ కాడనే పెట్టుకో. తలంబ్రాల్లో కలుపుదువు," అంది. నాయన అక్కడే, అందరి ముందు, పిన్నమ్మా అని ఆమె ఒడిలో తల పెట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఏడవనని ముందురోజు రాసుకున్న మాట కొట్టేయడం లేదు, ఉండనీ.

30 మే

పెళ్ళయి పది రోజులు. పట్టుగూళ్ళ వేలం వేళకు మొదలవ్వాలని ఈయన తెల్లవారుజామునే పోయాడు, కొత్త పెళ్ళాం టిఫిన్ వేళ మాత్రం లెక్కలేదు.

తలంబ్రాలప్పుడు నాయన తుండు ముడి విప్పి ఆ పిడికెడు పళ్ళెంలో తన చేత్తో కలిపాడు. రాళ్ళు ఏరిన బియ్యం కదా, మిగతా బియ్యంలో కలిసినా నాకు ఆ గింజలు తెలిసినట్టే అనిపించింది.

సెలవులే అయినా నిన్న రికార్డుల పనికి స్కూలుకు పోతే హెడ్మాస్టరు అడిగాడు. "పెళ్ళయింది గదమ్మా, రికార్డుల్లో ఇంటిపేరు మార్చాలి. ఇప్పుడు ఏమని రాయమంటావు?"

"పులిబండ, సార్," అన్నాను.

"అది పాతది గదా?"

"కొత్తది కూడా అదే. ఈసారి పూర్తిగా రాయండి."